తాటిపత్రి కింది డబ్బాలు

చాలా ఏళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. పెద్ద మాటేమీ కాదు. మా కాకతో అన్నాను, ఆయన నమ్మాడు. ఉన్నన్నాళ్లూ ఆయనకు నిజం చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుదామంటే ఆయన లేడు. నా నోట్లో నువ్వుగింజ నానదని చిన్నమ్మ వెక్కిరించేది. పాపం, ఆమెకేం తెలుసు? ఈ ఒక్క గింజ ఇన్నేళ్లూ నానుతూనే ఉంది. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ల ముందు నోరు పెగలదు కాబట్టే మీకు చెప్పుకుంటున్నాను. మధ్యలో నన్ను నేను వెనకేసుకొస్తే ఊరుకోకండి.

కాక అంటే మా నాయిన తమ్ముడు. నాయిన నా చిన్నప్పుడే పోతే, నన్నూ అమ్మనూ సూరారంలోని తన రేకుల ఇంటికి తెచ్చుకున్నాడు. మిల్లులో పని ఆయనకు. డ్యూటీ దిగి వచ్చి, కాళ్లు కడుక్కుని, నన్ను అరుగు మీద కూర్చోబెట్టి ఎక్కాలు అప్పజెప్పించుకునేవాడు. పన్నెండో ఎక్కం దాటితే ఆయనకూ రాదు. నేను తప్పు చెప్పినా తలూపి శెభాష్ అనేవాడు. చిన్నమ్మ వంటింట్లోంచి నవ్వేది. బీకాం దాకా చదివించాడు. సొంత కొడుకును ఇంటర్‌తో ఆపి నన్ను చదివించాడని గల్లీలో అనుకునేవాళ్లు. అది నిజమే.

తొంభైల చివర్లో మేడ్చల్ పారిశ్రామికవాడలో ఒక కంపెనీలో నాకు ఉద్యోగం దొరికింది. కంప్యూటర్లలో వాడే మెమొరీ తయారయ్యేది అక్కడ. చిప్పులు బయటి దేశాల నుంచి వచ్చేవి. వాటిని చిన్న పచ్చ పలకల మీద అతికించి, పరీక్షించి, డబ్బాల్లో సర్ది డీలర్లకు పంపేవాళ్లు. కంప్యూటరుకు యాది ఉంచే సామాను మా బిడ్డ కంపెనీలో చేస్తరని కాక సూరారమంతా చెప్పుకునేవాడు. నేను చేసేదేమీ లేదు. నాది షేర్ల విభాగం. వాటాదారులు ఫోన్ చేస్తే జవాబు చెప్పాలి. డివిడెండ్ ఎప్పుడిస్తారు? అప్పులు పెరిగాయట కదా? చిప్పుల ధర పడిపోతోందని పేపర్లో వేశారు, మనకేం దెబ్బ లేదా? అడిగేవాళ్లు అడిగేవాళ్లే. జవాబులు మా మేనేజరుగారు నేర్పేవారు, నేను చిలకలాగా అప్పజెప్పేదాన్ని.

ఏటా ఒకసారి వాటాదారుల సమావేశం ఉండేది. ఫ్యాక్టరీ ఆవరణలోనే షామియానా వేసేవాళ్లు. వచ్చినవాళ్లకు మిఠాయి డబ్బా, మిక్చర్ పొట్లం, ఒక స్టీలు గిన్నె. సగం మంది ఆ గిన్నె కోసమే బస్సు మారి వచ్చేవాళ్లు. ప్రశ్నల వేళ అంటే మాత్రం పైవాళ్లకు దడ. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. మన మనుషుల్ని కొందరిని జనం మధ్య కూర్చోబెట్టేవాళ్లు. వాళ్లు ముందుగా లేచి మనం నేర్పిన ప్రశ్నలు అడగాలి, పెద్దసారు తీరుబడిగా జవాబివ్వాలి, అంతలో భోజనాల వేళైపోవాలి. ఆ ప్రశ్నలు అల్లేది నేనే. బాగా అల్లుతానని పేరు కూడా వచ్చింది. సిగ్గుపడ్డానా? లేదు, మురిసిపోయాను.

అదే రోజుల్లో కాక మిల్లు మూతపడింది. మిల్లువాళ్లు ఇచ్చిన డబ్బుతో రేకులు తీసేసి స్లాబ్ వేయించుకోవాలని చిన్నమ్మ ఆశ. పిల్లర్లు లేపారు కూడా. పైన ఇనుప చువ్వలు ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాయి. అంతలో మా కంపెనీ షేరు పెరుగుతోందని విని కాక మిగిలిన డబ్బంతా అందులో పెట్టేశాడు. బిడ్డ కూసున్న కంపెనీ, మునుగుతదా అన్నాడట. ఒక ఏడాది ఆగితే స్లాబ్‌తో పాటు పైన ఇంకో అర్ర కూడా వస్తుందని చిన్నమ్మను ఒప్పించాడు. ఆయన్ని చూసి గల్లీలో ఇంకొందరు కొన్నారు. నేను కొనమనలేదు. వద్దనీ అనలేదు. ఇదిగో, వెనకేసుకొస్తున్నాను చూశారా? నన్ను చూసే కొన్నాడు, ఇంక నేను అనేదేముంది?

మెమొరీ వ్యాపారం టమాటా వ్యాపారం లాంటిది. శామీర్‌పేట రైతు పొద్దున బండికెత్తిన గంప మార్కెట్టు చేరేలోగా ధర సగమైనట్టు, మేము కొన్న ధర ఒకటి, అమ్మే నాటికి ధర ఇంకొకటి. డీలర్లు మాకొద్దని తిప్పి పంపిన సరుకు లారీల్లో వెనక్కి వస్తుండేది. నా కిటికీలోంచి గోదాం తలుపు కనబడేది. గోదాం నిండింది. మిగిలిన డబ్బాలను బయట షెడ్డు పక్కన పేర్చి తాటిపత్రి, అదే టార్పాలిన్ పట్టా, కప్పారు. లెక్కల్లో మాత్రం అదంతా కొన్న ధరకే ఉంది. ఎవరైనా అడిగితే ఆర్డర్ల సరుకని చెప్పమన్నారు. చెప్పాను. అంటే నాకు తెలుసు. తెలియక చేశానని ఎన్నోసార్లు నాకు నేనే చెప్పుకున్నాను, కానీ తెలుసు.

సమావేశం రోజు కాక అందరికంటే ముందు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తలకు నూనె, చేతిలో చిన్నమ్మ కట్టిచ్చిన సజ్జప్పాల పొట్లం నాకోసం. క్యాంటీన్ వెనక నల్లా దగ్గర నన్ను పక్కకు పిలిచాడు. అటు నుంచి చూస్తే డబ్బాల వరస కనిపిస్తుంది. గాలికి తాటిపత్రి ఒక మూల లేచి ఉంది.

"బిడ్డా, గా తాటిపత్రి కింద గన్ని డబ్బాలున్నయి. గవన్ని అమ్ముడువోనియేనా?"

"ఆర్డర్‌వి కాకా. రేపో మాపో పోతయి."

ఆయన ఇంకా అటే చూస్తున్నాడు. "మా మిల్లుల గూడ గిట్లనే పేర్చిండ్రు. మీటింగుల ఒక్కమాట అడుగుత. మాల్ పోతలేదంటే షేర్లు అమ్మి స్లాబేసుకుంట. మీ చిన్నమ్మ పరేషాన్ జేస్తాంది."

"గట్లడిగితే నవ్వుతరు కాకా."

అదీ ఆ మాట. ఇంకేమీ అనలేదు. గట్టిగా కూడా అనలేదు, ప్రేమగానే అన్నాను.

"నవ్వుతరా?" అన్నాడు. చెయ్యి మెల్లగా కాలర్ దగ్గరికి పోయింది, సరిచేసుకున్నాడు. "మరి ఏం అడగాల్నో నువ్వే నేర్పు బిడ్డా."

నేర్పాను. సంస్థ విస్తరణకు యాజమాన్యం చేపట్టబోయే చర్యలను వివరించవలసిందిగా కోరుతున్నాను. ఇదీ నేను మా కాక నోట పెట్టిన ప్రశ్న. విస్తరణ దగ్గర ఆయన నాలుక తిరగలేదు. మళ్లీ చెప్పించాను. యాజమాన్యం దగ్గర ఆగిపోయాడు. మళ్లీ చెప్పించాను. అరుగు మీద ఎక్కాలు అప్పజెప్పించుకున్న మనిషి నల్లా పక్కన నిలబడి, చేతులు కట్టుకుని, నాకు పాఠం అప్పజెప్పాడు. తప్పు లేకుండా వచ్చేసరికి శెభాష్ అన్నాను.

ఎందుకు చేశాను? ఉద్యోగం పోతుందని భయపడ్డానని చాలా ఏళ్లు అనుకున్నాను. ఆ భయం ఉంది, లేకపోలేదు. కానీ దాని కింద ఇంకొకటి ఉంది, అది చెప్పకపోతే ఈ ఒప్పుకోలు ఎందుకూ పనికిరాదు. సూటు వేసుకున్న వాళ్ల ముందు, పుస్తకాల తెలుగు మాట్లాడే మా మేనేజరుగారి ముందు, మా కాక లేచి గవన్ని అమ్ముడువోనియేనా అని అడిగితే నాకు నామోషీ. ఆఫీసులో నేను ఆ మాట తీరు దాచుకుని బతికేదాన్ని. గిట్ల, గట్ల అని నోరు జారితే నాలుక కరుచుకునేదాన్ని. ఆయన లేచి నిలబడితే నా ఇల్లు, నా గల్లీ, నా రేకులు అందరికీ కనబడిపోతాయనుకున్నాను. నవ్వేది వాళ్లు కాదు. వాళ్లకు ఆ ప్రశ్న వినబడితే నవ్వే ధైర్యం ఎక్కడిది? సిగ్గు నాది. దాన్ని తీసుకెళ్లి ఆయన మెడలో వేశాను.

సమావేశంలో కాక మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు. ఒక్క తప్పు లేకుండా అడిగాడు. పెద్దసారు ఎంత మంచి ప్రశ్న అని మెచ్చుకుని, కొత్త యంత్రాలు, కొత్త షెడ్డు, విదేశీ ఒప్పందం అంటూ ఏకరువు పెట్టాడు. చప్పట్లు కొట్టారు. కాక కూర్చోకుండా జనంలో నా కోసం వెతికాడు. నేను దూరం నుంచి తలూపాను. సాయంత్రం మేనేజరుగారు, మీ బాబాయిగారు భలే అడిగారండీ అన్నారు. నాకు సంతోషమేసింది. ఎంత పాడు సంతోషమో అది.

ఒక సంగతి దాటేశాను. వెనక్కి పోయి చెబుతాను. ఉద్యోగులమని మాకూ కొన్ని షేర్లు ఇచ్చారు. ఆ సమావేశానికి ముందే నేను నావి అమ్మేసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఆ డబ్బుతో ఫ్రిజ్ కొన్నాను. ఉద్యోగం వచ్చాక అమ్మా నేనూ మారిన అద్దింటికి కాక వచ్చినప్పుడు చెంబెడు నీళ్లు తాగి, "సల్లగ మస్తున్నయి బిడ్డా" అన్నాడు, ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి వేసి చూస్తూ. నేను ఇంకో చెంబు నింపి ఇచ్చాను. మీరు అడగకపోయినా నేనే అడుగుతున్నాను: నావి అమ్ముకునేటప్పుడు ఆయనకు ఒక్క ముక్క చెప్పడానికి ఏమడ్డొచ్చింది? చెబితే ఆయన గల్లీలో చెబుతాడు, అది నా మీదికి వస్తుంది. అదే అడ్డొచ్చింది. ఇంకేం లేదు.

తర్వాత ఏమైందో మీరు ఊహించుకోగలరు. షేరు ధర దిగుతున్నప్పుడల్లా గల్లీవాళ్లు కాక దగ్గరికి వచ్చి అమ్మేద్దామా అని అడిగేవాళ్లు. నేను మీటింగుల నిలవడి అడిగిన, పెద్దసారే జెప్పిండు, జెర ఓపిక వట్టుండ్రి అని ఆయన సర్దిచెప్పేవాడు. పాపం, వాళ్లు ఆగారు. ఆయనా ఆగాడు. ఒకరోజు మా కంపెనీ గేటుకు తాళం పడింది. షేరును కొనే నాథుడు లేడు. నాకు నగరంలో వేరే ఉద్యోగం దొరికింది, బతుకు నడిచింది. గల్లీవాళ్లు కాక ఇంటి ముందు చేరి నానా మాటలు అన్నారు. కంపెనీ మనిషివై మమ్మల్ని ముంచినవ్ అన్నారు. నేను ఆ రోజు ఆ ఇంట్లోనే ఉన్నాను, తలుపు వెనక. ఆ ప్రశ్న నా బిడ్డ నేర్పింది అని ఒక్కమాట అంటే ఆయన బయటపడేవాడు. అనలేదు. నాకే సరిగ అడుగ రాలేదు అన్నాడు.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటారు. నేను లెక్కపెట్టడం కాదు, ఆ ఇంటికి పైకప్పే పడనియ్యలేదు. చువ్వలు వానకు తుప్పు పట్టి వంగిపోయాయి. చిన్నమ్మ వాటికి తాడు కట్టి బట్టలు ఆరేసుకునేది. ముసలితనంలో కాక గుండ్లపోచంపల్లిలో ఒక గోదాం దగ్గర వాచ్‌మన్‌గా కుదిరాడు. లోపల ఎవరివో డబ్బాలు, బయట స్టూలు మీద ఈయన. పండక్కి బట్టలు తీసుకెళితే మొహమాటపడేవాడు. నా మీద కోపమన్నదే లేదు. కోపమొస్తే నాకు కొంచెం సులువయ్యేదేమో.

చివరికి ఆసుపత్రిలో, మధ్యాహ్నం వేళ, చిన్నమ్మ కింద కునుకు తీస్తుండగా నాతో అన్నాడు.

"ఆ దినం నేను ఇంకోటి అడిగేదుండె బిడ్డా. మంచిగ అడగనీకి నాకు రాకపాయె."

అదే సమయం. మంచం పక్కనే ఉన్నాను, ఎవరూ వినడం లేదు, నోరు తెరిస్తే చాలు. నీకు వచ్చింది కాకా, నేనే ఆపిన అని అనాలి. దుప్పటి సర్దాను. నీళ్లు కావాలా అని అడిగాను. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ తర్వాత ఆయనతో ఒంటరిగా కూర్చోలేదు. కావాలనే కూర్చోలేదు.

మొన్నామధ్య తమ్ముడు, కాక కొడుకు, అప్పు చేసి స్లాబ్ వేయించాడు. వెళ్లాను. చిన్నమ్మ నా చేతులు పట్టుకుని, నీ అసుంటి బిడ్డ ఎవ్వలకుంటదని ఏడ్చింది. ఆమెకు చెప్పాలా? చెబితే నా బరువు దిగి ఆమె మీద పడుతుంది. చెప్పకపోతే ఆ దీవెన కూడా దొంగసొమ్మే. ఏది సరైందో నాకు తెలియడం లేదు. మీరు క్షమించినా అది నాకు చెల్లదు, క్షమించాల్సిన మనిషి మీరు కాదు. ఇది బయటికి అన్నందుకు మాత్రం ఊపిరి కొంచెం ఆడుతోంది.

ఇంకొక్కటి ఉంది. నల్లా దగ్గర ఆయన అడిగిన దానికి నేను ఇంతవరకు జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను, ఆయనకు అర్థమయ్యే మాటల్లోనే.

గవన్ని అమ్ముడువోనియే కాకా. నువ్వడిగిందే సరైన మాట. జల్దీ షేర్లు అమ్మి స్లాబేసుకో.