పడని మందు పేరు

తన ఒంటి సంగతులు తనకే తెలియవని కుర్చీల మేస్త్రీకి అరవై ఎనిమిదో ఏట, ఆపరేషన్ బల్ల ఎక్కాల్సిన ఉదయాన తెలిసింది.

"ప్రొస్టేట్ ఆపరేషన్ కదా పెద్దాయనా, ఇన్‌ఫెక్షన్ రాకుండా ముందే ఒక యాంటీబయాటిక్ ఇస్తాం. మీకు పడని మందేమైనా ఉందా?" అని అడిగింది నర్సు.

ఉంది. ఎప్పుడో పన్ను పీకించుకున్నాక ఏదో బిళ్ళ వేసుకుంటే మొహం వాచి, ఊపిరందక చచ్చి బతికాడు. పేరు మాత్రం తెలియదు. బిళ్ళ ఏదైనా ఆయన చెయ్యి చాపేవాడు, భార్య అరచేతిలో పెట్టేది. నలభై ఏళ్ళు అలాగే గడిచాయి. ఆమె పోయి రెండేళ్ళు.

"ఇంట్లో ఎవరినైనా అడగండి."

"ఇంట్లో కుర్చీలున్నాయమ్మా."

నర్సు నవ్వింది. ఆయన నవ్వలేదు.

"పదింటిలోగా పేరు తెలియకపోతే ఇవాళ్టికి ఆపరేషన్ లేనట్టే" అంది.

అంటే ఇంకో తేదీ దొరికేదాకా మళ్ళీ నెల రోజులు మూత్రపు గొట్టం, తొడకు సంచి. కుర్చీలకు పేము అల్లాలంటే నేల మీద కూర్చోవాలి. ఆ సంచితో కూర్చోలేడు.

భార్య చెల్లెలికి తెలిసి ఉండొచ్చు. కానీ అక్క అంత్యక్రియలనాడే అక్క కుట్టుమిషను ఎవరికన్న దగ్గర మాటా మాటా పెరిగి, ఇద్దరికీ మాటల్లేకుండా పోయాయి. ఫోను చాలాసేపు చేతిలో తిప్పి, చివరికి చేశాడు.

"నేనే. బావని."

"ఓహో! ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా? మిషను తుప్పు పట్టిందా బావా, నూనె కావాలా?"

సంగతి చెప్పాడు. అటువైపు ఎత్తిపొడుపు ఆగిపోయింది.

"అమాక్సిసిలిన్. అక్క నాచేత మూడుసార్లు పలికించింది. మా ఇంటికొచ్చినప్పుడు నీకు జ్వరమొస్తే పొరపాటున ఇచ్చేస్తానని దాని భయం."

మేస్త్రీ ఆ పేరు చెప్పగా నర్సు రాసుకుని, డాక్టరును కనుక్కోవడానికి వెళ్ళింది.

"పనైపోయిందిగా, పెట్టెయ్యనా?" అంది మరదలు.

"ఉండు. నా గురించి మీ అక్క ఇంకేమైనా చెప్పేదా?"

"చెప్పేది. తను ఏం చెప్పినా నువ్వు ఊఁ అంటావే గానీ వినవని."

"ఊఁ" అన్నాడు మేస్త్రీ.

"చూశావా!"

నర్సు వేరే మందుతో తిరిగొచ్చింది. ఆయన అలవాటుగా చెయ్యి చాపబోయి ఆగాడు.

"దీని పేరేమిటమ్మా?"

ఆమె చెప్పింది. మేస్త్రీ దాన్ని తడబడుతూ మూడుసార్లు పలికి, "విన్నావా?" అన్నాడు ఫోనులో.

"విన్నాను బావా. నాకెందుకూ?"

"ఎవరో ఒకరికి తెలిసి ఉండాలిగా."