కొలిమి షాపు గుండె

ఆ రోజుల్లో మా ఖరగ్‌పూర్‌లో కంప్యూటరుకు జరిగిన మర్యాద కొత్తల్లుడికి కూడా జరిగేది కాదు. ఊరంతా ఉక్కకి ఉడికిపోతుంటే దానికొక్కదానికే ఏసీ గది, దుమ్ము పడకుండా ముసుగు, గుమ్మం బయట చెప్పులు విప్పి లోపలికి వెళ్ళే ఆచారం. అంతటి మహానుభావుడి సేవలో నాకు ఉద్యోగం దొరికింది. ప్రేమ్ బజార్‌లో ఓ మేడ మీద చిన్న పరిశోధనశాల నడిపే బెంగాలీ సారు రైల్వే వర్క్‌షాపు కొలిమి పనివాళ్ళ గుండెల మీద పరిశోధన మొదలుపెట్టి, బీఎస్సీ పాసై ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటున్న నన్ను సహాయకురాలిగా వేసుకున్నారు. ఫలితాలు బాగుంటే ఉద్యోగం పొడిగిస్తామన్నారు. బాగోకపోతే ఏం చేస్తారో చెప్పలేదు (చెప్పక్కర్లేదు కూడా).

పని సులువే. చిన్న రేడియో అంత టేపు పెట్టె, దానికి తీగలు, తీగల చివర బిళ్ళలు. రోజుకొకరు దాన్ని ఇంటికి పట్టుకెళ్ళి, ఛాతీకి బిళ్ళలు అంటించుకుని, పెట్టె నడుముకి కట్టుకుని, మర్నాడు తెచ్చివ్వాలి. ఆ టేపుని కంప్యూటరుకు ఎక్కిస్తే అది గుండె కొట్టుకున్న దెబ్బలన్నీ లెక్కపెట్టి, పొడుగాటి కాగితం మీద గీత గీసి ఇస్తుంది. మనుషుల్ని కుదిర్చే పని కొలిమి షాపులోనే సుత్తి కొట్టే మా నాన్నకి అప్పగించాను. ఆయన తీగల వంక పామును చూసినట్టు చూసి, "ఇది సెప్పిన మాట రైల్వే ఆసుపత్రికి ఎల్తాదేటే?" అన్నారు. అబ్బే, ఇదంతా సైన్సు కోసం అంటూ ఇంగ్లీషు ముక్కలు నాలుగు కలిపి ఉపన్యాసం ఇచ్చాను. ఆ ఇంగ్లీషే కొంప ముంచింది. వర్క్‌షాపు వాళ్ళకి ఇంగ్లీషులో తెలిసిన జబ్బు ఒక్కటే, దాని పేరు అన్‌ఫిట్. అది అంటుకుంటే సుత్తి పోతుంది, ఓవర్‌టైమ్ పోతుంది, చీపురు చేతికొస్తుంది.

అయినా పెట్టె చక్కగా తిరిగింది, టేపులు చక్కగా వచ్చాయి. ఫలితాలు చూసి సారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. కొలిమి షాపులో పొడుగువాళ్ళు, పొట్టివాళ్ళు, బీడీలు తాగేవాళ్ళు, మానేసినవాళ్ళు, అందరి గుండే ఒకేలా కొట్టుకుంటోంది! పైగా సాయంత్రం ఒకే వేళకి అందరి గుండే గుర్రంలా పరుగెడుతోంది. "అద్భుత్! సుత్తి తాళం వీళ్ళ గుండెల్ని ఏకం చేసింది," అని సిద్ధాంతం అక్కడికక్కడే పుట్టించేశారు. నేను మాత్రం తక్కువ తిన్నానా? ఆ గీతల్ని రంగు పెన్సిళ్ళతో దిద్దాను.

ఆ సంబరం కలకత్తా నుంచి ఓ గుండె డాక్టరు వచ్చేదాకా సాగింది. ఆయన గీతలన్నీ తిప్పి చూసి, "అందరికీ ఒకే లోపం ఉంది. పరుగెత్తే వేళ మధ్యమధ్య దెబ్బ తప్పుతోంది. రేపే రైల్వే ఆసుపత్రికి చెప్పాలి. అంతవరకు ఎవరూ సుత్తి పట్టకూడదు," అన్నారు. ఆ గీతల్లో మా నాన్నది కూడా ఉంది.

సైకిలెక్కి వెలుగుండగానే ఇంటికి పరుగెత్తాను. మామూలుగా చీకటి పడ్డాకగానీ ఇల్లు చేరేదాన్ని కాదు. క్వార్టర్ల కుళాయి దగ్గర రోజూ సాయంత్రం జరిగే యుద్ధం మంచి పట్టులో ఉంది. మా నానమ్మ నడుముకి కొంగు బిగించి, బిందె ఎత్తి పట్టుకుని, పక్క క్వార్టరు అత్తతో, "నీ బిందె ముందు ఎట్టడానికి ఈ కుళాయి నీ మొగుడు ఏసినాడేటి?" అంటోంది. నానమ్మ నడుము దగ్గర నా టేపు పెట్టె. జాకెట్లోంచి నా తీగలు.

"నానమ్మా! ఏంటిది?"

"ఏటే గుంటా, ఇంత పెందలాడే వచ్చినావు?" అని, పెట్టె తట్టింది. "ఇవాళ నాను రెండో లైను సూర్రావుని."

విషయం అప్పుడు తెలిసింది. షాపంతా కూడబలుక్కుని, కాలనీలోకెల్లా గట్టి గుండె ఎవరిదా అని వెదికి, ఫోర్‌మేన్‌నే వీధిలో నిలబెట్టి కడిగేసిన మా నానమ్మది ఎంచుకున్నారు. పెట్టె ఎవరు తీసుకున్నా మా ఇంటికే చేరేది. ఆవిడ వాదన ఇంకా గట్టిది. "నానేటి రైల్వేలో పంజేస్తన్నానా, నన్ను అన్‌ఫిట్టు సెయ్యడానికి?" (వేసవిలో ఆవిడ శాలువా కప్పుకుని పడుకుంటుంటే చాదస్తమని నవ్వుకున్నాను. ఊరందరి గుండెల్లో తప్పులు పట్టే శాస్త్రవేత్తని, నాకు పక్క మంచం మీద పెట్టె కనబడలేదు.)

చెబితే నా ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే నాన్న సుత్తి పోతుంది. పైగా ఆ దెబ్బలు తప్పుతున్న గుండె ఎవరిదో ఇప్పుడు తెలిసిపోయింది. భయంతో ఏడుపొచ్చింది. నానమ్మని రిక్షా ఎక్కించి, నేరుగా సారు ముందు నిలబెట్టి, జరిగింది చెప్పేశాను.

సారు కాగితాల వంకా ఆవిడ వంకా చూశారు. "మొత్తం కొలిమి షాపు మీరేనా?"

"హ్యాఁ బాబా," అంది నానమ్మ తనకొచ్చిన బెంగాలీలో. తర్వాత మన భాషలో, "ఆళ్ళ గుండెలకేటీ రోగం నేదు. భయం ఒక్కటే," అంది.

మర్నాటి నుంచి డాక్టరుగారి ఎదుటే అందరికీ పరీక్షలు జరిగాయి. నాన్నతో సహా అందరి గుండెలూ బ్రహ్మాండంగా ఉన్నాయి, ఒక్కొక్కటీ ఒక్కో రకంగా. ఇంతమంది ఆరోగ్యంగా ఉన్నందుకు సారు చాలా బాధపడ్డారు. తర్వాత తేరుకుని, ఒకే మనిషి గుండె గీతలు ఇన్ని రోజులవి ఇంకెవరి దగ్గరున్నాయని, పరిశోధన పేరు మార్చి నా ఉద్యోగం నిలబెట్టారు. డాక్టరుగారు నానమ్మకి మాత్రలు రాసి, బిందెలు మొయ్యొద్దు, పోట్లాడొద్దు అన్నారు. ఆవిడ బిందెలు మానేసింది. చాలా ఏళ్ళు బతికింది.

ఇప్పుడు నా చేతి గడియారమే నా గుండెని లెక్కపెట్టి, చెప్పులు విప్పమనకుండానే చూపిస్తోంది. ఆ గీతల కాగితం ఒకటి మాత్రం ఇంకా దాచుకున్నాను, రంగు పెన్సిల్ వెలిసిపోయింది. సాయంత్రం గీత పైకి లేచే చోట వేలు పెడితే, ఏ శిఖరం దగ్గర నానమ్మ ఎవర్ని ఏమని తిట్టిందో ఇప్పటికీ చెప్పగలను. రంగులు దిద్దిన అప్పటి నాకు మాత్రం అదంతా కొలిమి చప్పుడు.