మొక్కు తీరిన మనిషి

1986. భద్రాచలానికి కొంత దూరంలో ఉన్న ఒక మిషన్ ఆసుపత్రిలో నేను స్టాఫ్ నర్సును. కేన్సర్‌కు వైద్యం మా దగ్గర ఉండేది కాదు. రోగులను హైదరాబాదు పంపేవాళ్లం. అక్కడ రేడియేషన్ తీసుకుని వచ్చినవాళ్లను కొన్నేళ్లపాటు పిలిచి పరీక్షించడం మాత్రం మా పనే. దాన్ని ఫాలో-అప్ అంటాం. జబ్బు మళ్లీ తలెత్తితే మొదట్లోనే పట్టుకోవడానికి అదొక్కటే దారి.

జూలూరుపాడు వైపు మిరప తోట చేసుకునే సుగుణమ్మకు గర్భసంచి ముఖద్వారంలో కేన్సర్ వచ్చి తగ్గింది. రేడియేషన్‌ను మా వైపు 'కరెంటు పెట్టించుకోవడం' అంటారు. "నన్ను ముట్టుకోకు సిస్టర్, షాక్ కొడతది" అంటూ వార్డంతా నవ్వించేది. ఆ మనిషంటే నాకు ప్రాణం.

మొదటి చెకప్‌లో అంతా బాగుందని తేలగానే భార్యాభర్తలిద్దరూ గోదావరి ఒడ్డున తలనీలాలు ఇచ్చారు. నున్నటి గుండుతో నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"మొక్కు తీరింది సిస్టర్. ఇగ మీ దవాఖానాకు రాంరాం!"

నవ్వుతూనే తర్వాతి చెకప్ ఎప్పుడో చెప్పాను. ఆమె రాలేదు.

మా డాక్టరమ్మది జర్మనీ. వాళ్ల ఊళ్లో చెకప్‌కి రాకపోతే ఆసుపత్రే కబురు పెడుతుందట. "నయమైన మనిషికి వచ్చి చూపించుకోవడానికి ఏం కష్టం?" అంటూ విసుక్కుని నన్ను జీపులో పంపింది.

సుగుణమ్మ తోటలో కాయ ఏరుతోంది. ఒక కాలు వాచి ఉంది. ఈ కేన్సర్ తిరగబెడితే కనిపించే గుర్తుల్లో అదొకటి, నడుం నొప్పి ఇంకొకటి.

"నడుం నొస్తుందా?"

"కాయ ఏరేటోళ్లకు నడుం నొయ్యదా ఏంది?"

"ఒక్కసారి వచ్చి చూపించుకో తల్లీ."

"మొక్కు చెల్లించినంక మళ్లా ఆ జబ్బు కోసం దవాఖానా మెట్లెక్కితే, ఆ రామయ్యను నమ్మనట్టే గద సిస్టర్! ఆయన ఊకుంటడా?"

పక్కనున్న ఆమె భర్త ముత్తయ్య కూడా అవ్ అన్నట్టు తలూపాడు. కాలు వాపు మంచిది కాదని ఎన్ని విధాలుగానో చెప్పాను. మొక్కు సంగతి మాత్రం ఎత్తలేకపోయాను. మెడలో సిలువ వేసుకున్న నర్సు రాముడి మొక్కు గురించి మాట్లాడితే ఆ ఊళ్లో దానికి వేరే అర్థం వస్తుంది. ఖాళీ జీపులో తిరిగొచ్చాను.

ఎండాకాలంలో ముత్తయ్య ఆమెను బస్సులో తెచ్చాడు. అప్పటికే జబ్బు లోపలంతా పాకింది. నొప్పి తగ్గించడం తప్ప ఎవరూ ఏమీ చేయలేకపోయారు. వానలు పడకముందే పోయింది.

కర్మలయ్యాక ముత్తయ్య వచ్చి వరండాలో చాలాసేపు కూర్చున్నాడు.

"పరీక్షలన్నీ అయినంక ఇయ్యాల్సుండె సిస్టర్ తలనీలాలు. దేవుడేమన్న జల్దీ రమ్మన్నడా? మేమే తొందరపడ్డం."

నాకు ఏడుపు ఆగలేదు.

ఆ తర్వాత హైదరాబాదు నుంచి నయమై వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇదే చెప్పేదాన్ని: మొక్కుకోండి, చివరి చెకప్ అయ్యాకే చెల్లించండి. ఎవరూ తప్పు పట్టలేదు. చాలామంది అలాగే ఆగారు, క్రమం తప్పకుండా వచ్చారు. ఈ మాట నాది కాదు, జూలూరుపాడు వైపు రైతు ఒకాయనదని కూడా చెప్పేదాన్ని. అంత చిన్న మాట ఆ రోజు మిరప తోటలో మా ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు.