పేర్లు రాయని పటం

“ఆ పటం వేసింది నేనే.” ఈ నాలుగు మాటలు ఆ రోజు నా నోట్లోంచి ఊడిపడలేదు. పటం వల్ల కోటమ్మ చేపల గంప, ఆ మాటలు అనకపోవడం వల్ల ఖాదరు పరువు, రెండూ మునిగాయి. ఎలా మునిగాయో చెబుతాను. నవ్వండి, నాకు అభ్యంతరం లేదు.

డెబ్బైల చివర్లో దివిసీమలో, సముద్రం పక్క ఊరి ఆసుపత్రిలో ఖాదరూ నేనూ కలిసి పనిచేసేవాళ్లం. క్షయ రోగుల ఇళ్లకు మాత్రలు చేర్చడం మా ఉద్యోగం. ఖాదరుది బందరు, కలంకారీ అద్దకం వాళ్ల ఇల్లు. ఒకరోజు ఊరి పటం గీసి, వాళ్ల నాన్న చెక్క అచ్చుతో వీధుల మీద పూలు అద్దాడు. రోగులు ఎక్కువున్న వీధిలో ఒత్తుగా, తక్కువున్న వీధిలో పలచగా.

డాక్టరుగారు మురిసిపోయారు. “ఏ వీధికి ఎన్ని మాత్రలు పంపాలో మనకు తెలుస్తుంది. ఏ ఇంటికో చూసేవాళ్లకు తెలియదు. తెలివంటే ఇదండీ. వరండాలో తగిలించండి.”

ఆ పూలు కనిపించినప్పుడల్లా మొహం తిప్పుకుని పోయేవాణ్ణి. బడిలో డ్రాయింగు మాస్టారి మెప్పు పొందినవాణ్ణి, పూలకు ఓడతానా? వారం కూర్చుని ఊళ్లో ప్రతి ఇల్లూ గీశాను. పెంకుటింటికి పెంకులు, పాకకు తాటాకులు, పక్కన కట్టేసిన గేదె, చేపలమ్మే కోటమ్మ గుమ్మం ముందు బోర్లించిన పడవ. రోగి ఉన్న ఇంటికి ఎర్రచుక్క. పేర్లు మాత్రం రాయలేదు సుమండీ, గుట్టు తెలిసినవాణ్ణి. డాక్టరుగారు ఊళ్లో లేని రోజు చూసి, ఖాదరు పటం తీసి నాది తగిలించాను.

జనం విరగబడ్డారు. “అచ్చం మా గేదే.” “ఈ ఎర్రచుక్కలేంటండీ?”

“మన మాత్రలు వెళ్లే ఇళ్లు,” అన్నాను గొప్పగా.

మూడోనాడు కోటమ్మ నిండు గంపతో వచ్చింది, అప్పుడే ఊర్నించి తిరిగొచ్చిన డాక్టరుగారి వెనకే. “ఈ పడవ మాదేగా?”

“పేరు రాయలేదుగా కోటమ్మా,” అన్నాను.

“పేరెవరిక్కావాలయ్యా? బోర్లేసిన పడవ ఊళ్లో మాకొక్కళ్లకేగా ఉంది. మా ఆయన జబ్బు ఊరంతా తెలిసిపోయింది. మూడ్రోజుల్నించి ఒక్క చేప కొన్నోళ్లు లేరు. మేమేం తినాలి?”

డాక్టరుగారు పటం చూసి ఎర్రబడ్డారు. “ఖాదరూ, పటాలు వేసేది నువ్వేగా. బుద్ధుందా?”

ఖాదరు నావైపు చూశాడు. నేను గోడ మీద బల్లిని చూశాను.

“తప్పయిందండీ,” అన్నాడు ఖాదరు.

మర్నాడు తనే కోటమ్మ గంప నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగాడు. “చేపల్తో క్షయ రాదమ్మా. నేనూ కొన్నాను, చూడండి.” ఆడవాళ్లు ఒక్కొక్కరే గంప చుట్టూ మూగారు. “ఖాదరంత మంచివాడు లేడు,” అన్నారు.

చూశారా, నా తప్పుకు కూడా మెప్పు అతనికే! తట్టుకోలేక పరుగెత్తాను. గంప లాక్కుని నా నెత్తిన పెట్టుకున్నాను. “పటం నాది. తప్పు నాది. క్షమించు కోటమ్మా.”

“అదంతా తర్వాత చెబుదువుగాని, గంప దించకు. ఇంకా రెండు వీధులున్నాయి.”

అప్పుడే సముద్రం సాక్షిగా ఒట్టేశాను, జన్మలో ఎవరి ఇల్లూ గీయనని. నా సొంత ఇంటి ప్లాను కూడా మేస్త్రీకి నోటితోనే చెప్పాను. అందుకే మా వంటింటి తలుపు వీధిలోకి తెరుచుకుంటుంది.

అసలు సంగతి చెప్పడానికి మాత్రం ఏళ్లు పట్టింది. మొన్న బందరు వెళ్లి ఖాదరు ఎదురుగా కూర్చుని అన్నాను: “ఊరికి మేలు చేద్దామని కాదు భాయ్, నిన్ను చూసి ఓర్వలేక వేశాను ఆ పటం. నన్ను క్షమించు.”