రోజుకో ప్లస్

ఊళ్ళోవాళ్ళ పనులన్నీ నెత్తినేసుకోవడం నాకు చిన్నప్పటి జబ్బు. అమెరికాలో ఈ అల్ఫారెట్టా వచ్చినా అది తగ్గలేదు. అపార్ట్‌మెంట్ వెతకాలన్నా, డ్రైవింగ్ టెస్ట్‌కి కారు కావాలన్నా చుట్టుపక్కల తెలుగువాళ్ళు ముందు నాకే ఫోన్ చేసేవారు. పైకి విసుక్కున్నా లోపల మురిసిపోయేదాన్ని. ఆ మురిపెమే ఒకావిడ కొంప ముంచింది.

ఆవిడ ఉక్రెయిన్ నుంచి వచ్చింది. ఏడేళ్ళ కూతురితో మా బేస్‌మెంట్‌లో ఉండేది. భర్త అక్కడే యుద్ధంలో ఉన్నాడు. అంతకుముందు అతను కరెంటు పనివాడు. శత్రుసైన్యం తమ ఊరి వైపు వస్తోందని తెలిసి, మొగుడూ పెళ్ళాం కలిసి దారి చూపే బోర్డులన్నీ పీకి కోళ్ళగూట్లో దాచారట, ట్యాంకులు దారి తప్పాలని. రెండు రోజులు తప్పాయి. మూడో రోజు వచ్చేశాయి. నెల రోజులు బంగాళదుంపలు దాచుకునే నేలమాళిగలో బతికి, ఎలాగో బయటపడ్డారు. అతను వీళ్ళిద్దరినీ బస్సెక్కించి, తను వెనక్కి వెళ్ళి తుపాకీ పట్టుకున్నాడు.

రోజూ అతని దగ్గర్నుంచి ఒక్క ప్లస్ గుర్తు వచ్చేది. బతికే ఉన్నానని దాని అర్థం. అక్కడి సైనికులు చాలామంది అంతేనట, అంతకు మించి రాసే వీలుండదు. ఈవిడ తిరిగి ఒక ప్లస్ పెట్టేది. పొద్దున్నే పిల్లల్ని స్కూల్ బస్సెక్కిస్తున్నప్పుడు ఆ ఫోన్ మోగేది. నేనూ కాఫీ కప్పు పట్టుకుని ఆవిడ పక్కనే నిలబడేదాన్ని. ప్లస్ వచ్చాకే నాకు ఆఫీస్ మీటింగ్.

ఆ ఫోన్ అక్కడి నుంచి తెచ్చుకున్నదే. తెర పగిలిపోయింది, ఛార్జింగ్ గంట కూడా నిలిచేది కాదు. ఒక శనివారం మావారు అన్నారు. "కొత్త లైన్ తీసుకుంటే ఫోన్ ఫ్రీగా ఇస్తున్నారు. ఆవిణ్ణి కూడా మన ఫ్యామిలీ ప్లాన్‌లో యాడ్ చేసెయ్యరాదూ."

మనవాళ్ళ ఫ్యామిలీ ప్లాన్ల సంగతి తెలిసిందే. మా ప్లాన్‌లో మేమిద్దరం, మావారి ఎమ్మెస్ రూమ్మేటు, ఎడిసన్‌లో ఉండే ఆ రూమ్మేటు బావమరిది. వాళ్ళందరూ మా ఫ్యామిలీ అయినప్పుడు మా ఇంట్లోనే ఉండే మనిషి ఎందుకు కాదు?

ఆవిడ వద్దంది. "అతనికి ఈ నంబరే తెలుసు."

"మెసేజ్‌లన్నీ కొత్తదానికే వచ్చేస్తాయి. నేను చూసుకుంటాగా," అన్నాను.

కొత్త ఫోన్‌లో కొత్త నంబరుతో అన్నీ పెట్టిచ్చాను. పాతది స్విచాఫ్ చేసి వంటింటి సొరుగులో పడేశాను. పదమూడేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నదాన్ని, ఇది పనిచేస్తోందో లేదో ఒక్కసారి టెస్ట్ చేయలేదు. సిగ్గుతో చచ్చిపోవాలి నేను.

ఆదివారం ప్లస్ రాలేదు. సోమవారమూ రాలేదు. రెండ్రోజులు రాకపోవడం ఇదివరకూ ఉంది కాబట్టి ఇద్దరం గుండె దిటవు చేసుకున్నాం. కొత్త నంబర్ నుంచి ఆవిడ పెట్టినవాటికీ జవాబు లేదు. తెలియని నంబర్లకి వాళ్ళు బదులివ్వరట, ఇంటివాళ్ళ పేరు చెప్పి శత్రువులే రాస్తుంటారట. బస్ స్టాప్ దగ్గర ఆవిడ రోజురోజుకీ వాడిపోతుంటే, "సిగ్నల్ ఉండదులే, కంగారు పడకు," అని రోజూ నేనే సర్దిచెప్పాను.

శుక్రవారం బస్సు వెళ్ళిపోగానే ఆవిడ నేరుగా మా వంటింట్లోకి వచ్చింది. "పాత ఫోన్ ఇవ్వు," అంది.

రైస్ కుక్కర్ ప్లగ్ పీకి, దాన్ని ఛార్జింగ్‌కి పెట్టాను. కాసేపటికి తెర వెలిగింది. టింగు టింగుమని వరసగా మోగింది. ఆవిడ పకపకా నవ్వింది. బతికించావురా దేవుడా అనుకుని నేనూ నవ్వాను.

ఒక్కొక్కటీ చదివి నాకు ఇంగ్లిష్‌లో చెప్పింది. ఆదివారం ఒక ప్లస్. సోమవారం ఇంకో ప్లస్. మంగళవారం, "ఎందుకు జవాబివ్వడం లేదు?" బుధవారం, "పాపకి ఒంట్లో బాగాలేదా?" గురువారం, "ఏమీ రాయక్కర్లేదు. ఒక్క ప్లస్ పెట్టు, చాలు."

దాని కింద ఇంకొకటి ఉంది. అది వేరే నంబర్ నుంచి వచ్చింది, అతనితో కలిసి పోరాడే స్నేహితుడిది. దాన్ని ఆవిడ పైకి చదవలేదు. గోడకి జారగిలబడి అలాగే కింద కూర్చుండిపోయింది. అతను ఇక లేడని నాకు అర్థమైంది.

ఆవిడ ఆ పాత ఫోన్ నుంచే భర్తకి ఒక ప్లస్ పంపింది. దాని పక్కన ఒక టిక్ పడింది. రెండోది పడుతుందేమోనని చూస్తూ కూర్చుంది.

"మేమే చచ్చిపోయామనుకున్నాడా?" అని అడిగింది.

నన్ను తిట్టినా బాగుండేది. రెండు చెంపలూ వాయించినా నిలబడి కొట్టించుకునేదాన్ని. ఏదో ఒకటి చెప్పి ఓదార్చే అలవాటు కదా, నోటికి వచ్చిందే అనేశాను.

"లేదు లేదు. సిగ్నల్ లేదనుకుని ఉంటాడు."

ఆవిడ తలెత్తి నా వైపు చూసింది. గొంతులో కోపం లేదు.

"మీ ఇంట్లో సిగ్నల్ ఎప్పుడూ ఉంటుందని అతనికి నేనే చెప్పాను," అంది.