బేరమాడే వెబ్‌సైటు

ఆ రోజుల్లో సూరత్‌లో మా ఇంట్లో ముగ్గురికీ పని అంతంతమాత్రమే, అయినా పనిలేనివాడన్న పేరు మాత్రం నాకొక్కడికే ఉండేది. లాక్‌డౌన్ వల్ల బాపు పనిచేసే ఖాతాలో సాంచాలు (నేత షెడ్డును, మరమగ్గాలను మేమలాగే అంటాం) ఆగిపోయాయి. అమ్మకు చీరలకు లేసు కుట్టే పని అరకొరగా వచ్చేది. నేనేమో ఫోన్లో వీడియోలు చూసి వెబ్‌సైట్లు చేయడం నేర్చుకుని, పాత లాప్‌టాప్ ఒకటి ముందు పెట్టుకుని, నన్ను నేను ఫ్రీలాన్సర్ అని చెప్పుకునేవాణ్ణి. (ఆ మాటకు అర్థమేమిటని బాపు అడిగితే "ఎవరి కిందా చేయను" అన్నాను. "మరి ఎవరి మీద తింటవ్?" అన్నాడు.) చివరికి గడువు పెట్టాడు. "సాంచాలు సురువయ్యేదాంక చూస్త. గప్పటికి నీ పని గిట్లనే ఉంటె నాతోని ఖాతాకు నడువు." ఆ చప్పుడులో రోజుకు పన్నెండు గంటలు నిలబడాలన్న ఊహకే నాకు కాళ్లు లాగేవి.

అప్పుడు దొరికాడు మా శేఠ్. ఊళ్లోనే అల్థాన్‌లో ఇల్లు, మార్కెట్లో చీరల దుకాణం. తెలంగాణ నుంచి రైల్లో వచ్చి మూటలు కట్టుకుపోయే చిల్లర వ్యాపారులు రావడం మానేశారు కనుక ఆయనకు తెలుగులో ఒక వెబ్‌సైటు కావాలి. మాదీ అటునుంచి వలసొచ్చిన ఇల్లే కనుక నాకు తెలుగొచ్చు, పైగా చౌక. క్లయింట్లతో వ్యవహారంలో అప్పటికి నాకు తెలిసిన విద్యల్లా "హా శేఠ్" అనడమే. "దుకాణానికొస్తే ముందు చాయ్ ఇస్తాం, నీ వెబ్‌సైటు ఏమిస్తుంది?" అన్నాడు. (ఆయనది హిందీ, గుజరాతీ కలగలుపు, నేను తెలుగులో చెబుతున్నాను.) హా శేఠ్ అని, మొదటి పేజీలో పొగలొచ్చే కప్పు పెట్టాను. ఆ పొగ ఎడమకు పోవాలన్నాడు, దుకాణంలో ఫ్యాను కుడిపక్కన ఉంటుందట. దానికి మూడు రోజులు పట్టింది. ఆ తర్వాత అసలు సంగతి బయటపెట్టాడు. "ధర కనపడకూడదు. బేరమాడకుండా కొన్న చీర మనిషికి తృప్తినివ్వదు. నీ వెబ్‌సైటు బేరమాడాలి." దానికీ హా శేఠ్ అన్నాను.

అది ఎలా ఆడుతుందో తెలియక ప్రతి చీర కిందా "ధర మాట్లాడండి" అని ఒక బటన్ పెట్టాను. నొక్కితే శేఠ్ ఫోనుకు పోవాలి. పరీక్ష కోసం నా నంబరు పెట్టుకుని, మార్చడం మరిచిపోయి, సైటు తెరిచేశాను. మర్నాడు పొద్దున్నే కరీంనగర్ నుంచి చీరలమ్ముకునే ఒకావిడ నాకు ఫోను చేసి చీర ధర అడిగింది. మొదట చెప్పే ధర, ఆఖరికి దిగే ధర రాసిన శేఠ్ చీటీ నా దగ్గరే ఉంది. కంగారులో ఆఖరిది చెప్పేశాను. "గింత తక్కువనా? రంగు పోతదా ఏంది?" అని ఆవిడ ఫోను పెట్టేసింది.

పక్కన లేసు కుడుతున్న అమ్మ అంతా విన్నది. "ఇటియ్యి. అడగంగనే అడుగుకు దిగితె ఎవలన్న కొంటరా?" అని ఫోను లాక్కుని ఆవిడకే తిరిగి చేసింది. ఏళ్ల తరబడి అవే చీరలు ఒళ్లో వేసుకుని కుట్టిన మనిషి, ఏ బట్ట ఎన్ని ఉతుకులకు ఆగుతుందో ఆమెకు తెలుసు. "అక్కా, పిలగాడు కొత్తోడు, తెల్వక చెప్పిండు. ముందుగాల బట్ట సంగతి ఇను" అని మొదలుపెట్టి, ఆవిడ మోకాళ్ల నొప్పుల దాకా వెళ్లి, తిరిగొచ్చేసరికి ఇరవై చీరలు అమ్మేసింది. నంబరు మార్చడం రెండు నిమిషాల పని. కానీ శేఠ్‌కు నా తప్పు చెప్పాలంటే భయం, ఆర్డర్లు వస్తుంటే ఆశ. అమ్మ బేరమాడేది, నేను లెక్కగా జాబితా పంపేవాణ్ణి. "నీ మిషన్ నాకన్నా బాగా ఆడుతోందే" అన్నాడు శేఠ్, బేరం సైటే ఆడుతోందనుకుని. ఏమన్నానో మీకు తెలుసు.

రెండు వారాలకు ఆయనకు ఆ మిషన్‌ను పరీక్షించాలని బుద్ధి పుట్టింది. భార్య ఫోను తీసుకుని బటన్ నొక్కాడు. ఎవరో హిందీ మాట్లాడే కొత్త గిరాకీ అనుకుని అమ్మ హిందీలోనే ఎత్తుకుంది. పావుగంట తర్వాత శేఠ్ నాకు ఫోను చేశాడు. "బేటా, నా చీరలు ఆరు నేనే కొన్నాను, నేను చెప్పే ధర కన్నా ఎక్కువకు. ఇంట్లో ఆమెకు కొనడానికి ఇంత ఆలోచిస్తావా అని సిగ్గు పుట్టించింది. ఎవరామె?" జరిగిందంతా చెప్పేశాను. పని పోయింది, ఇక ఖాతాకు పోవడమే అనుకున్నాను. శేఠ్ మాత్రం "నంబరు మార్చకు. మీ అమ్మకు ఫోనియ్యి" అన్నాడు. వాళ్లేం ఒప్పుకున్నారో నాకు చెప్పలేదు.

సాంచాలు మొదలైన రోజు బాపు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి నావైపు చూశాడు. నేను లాప్‌టాప్ మూసి లేచాను. అమ్మ ఫోనులో ఉన్న మనిషిని జర ఆగమని, "వాన్నెందుకు లేపుతున్నవ్? కొత్త చీరల ఫొటోలు ఎవలు పెడ్తరు నాకు? వాడు నా దగ్గర పనికున్నడు" అంది. బాపు ఒక్కడే వెళ్లాడు.

నా డిజైన్ హిట్టయిందని ఆ రోజే స్నేహితులందరికీ మెసేజీలు పెట్టాను, పాపం. అప్పటి ఆ పోరగాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం సిగ్గూ వేస్తుంది. ఎందరికో చెప్పుకున్నాడు గాని, అమ్మతో ఒక్క మంచి మాట అనలేదు. ఇన్నాళ్లకు మొన్న పక్కన కూర్చుని, "అమ్మా, ఆ దినం నువ్వు లేకపోతే" అని మొదలుపెట్టాను. అమ్మ ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, "గది తర్వాత చెప్పు. ఫొటోలు పెట్టినవా?" అంది.

పెట్టలేదు. లేచి వెళ్లి పెట్టాను.