అన్నయ్య కోసం వదిన చేసిన సర్వే

మా వదినకు నేను పెట్టిన పేరు ఎటూచెప్పనమ్మ. ఆవిడ ముందు అనలేదులెండి. అన్నా నవ్వో కోపమో ముఖంలో కనిపించేది కాదు. పెళ్లయి వచ్చిన కొత్తలో, వేరే ఉద్యోగం దొరికేదాకా అనుకుంటూ ఒక సర్వే కంపెనీలో చేరింది. అక్కడే ఇరవై ఏళ్లు గడిచిపోయాయి. ఏ పార్టీకి ఓటేస్తారు, ఏ సబ్బు వాడతారు, బస్సు చార్జీ పెంచితే ఒప్పుకుంటారా అని ఇంటింటికీ తిరిగి అడగడం ఆవిడ పని. జవాబు వినేటప్పుడు తల ఊపకూడదు, కనుబొమ్మ ఎత్తకూడదు. అడిగేవాళ్ల ముఖం చూసి మాట మార్చేవాళ్లే ఎక్కువట. ఆ అలవాటు ఇంట్లోనూ వదల్లేదు. కొత్త గౌను కుట్టి "ఎలా ఉంది వదినా?" అంటే "నీకెలా అనిపిస్తోంది?" అని ఎదురడిగేది. ముందుగదిలో మిషను పెట్టుకుని పొద్దస్తమానం కుట్టేదాన్ని, ఒక్క మెచ్చుకోలు మాటకు ముఖం వాచి ఉండేదాన్ని. ఒళ్లు మండిపోయేది.

ఒకసారి తోడు లేక నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. వీధి మూల నుంచి మొదలుపెట్టి ప్రతి ఐదో తలుపూ తట్టాలి. ఒక ఐదో ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటావిడేమో గుమ్మంలోనే నిలబడి, ఎప్పుడు అడుగుతారా అని చూస్తోంది.

"ఈవిణ్ణి అడిగేస్తే పోలా?" అన్నాను.

"పోదు. పగలంతా ఇంట్లో ఉండేవాళ్లు వేరు, పనికి పోయేవాళ్లు వేరు. దొరికినవాళ్లనే అడిగితే దొరికినవాళ్ల మనసే తెలుస్తుంది. సాయంత్రం మళ్లీ వద్దాం."

"ఊళ్లో లక్షల మంది ఉంటే వెయ్యి మందిని అడిగి ఏం తెలుసుకుంటారు, నా తలకాయ!"

"అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూడవూ? కాకపోతే గిన్నె కలిపి చూడాలి. పైమెతుకు మాత్రమే పట్టుకుంటే, అడుగు మాడిన సంగతి వడ్డించేదాకా తెలీదు."

అభ్యర్థుల పేర్లు చదివేటప్పుడు ఒక ఇంట్లో ముందు చెప్పిన పేరును ఇంకో ఇంట్లో చివర చెప్పేది. ముందు చెవినపడ్డ పేరుకే మొగ్గేవాళ్లు ఉంటారట. కుర్చీ వేసి మంచినీళ్లిచ్చిన ఇంటి జవాబును మరీ అనుమానంగా చూసేది. మర్యాద చేసినవాళ్లు మాటలోనూ మర్యాదే చేస్తారనేది. ఇంత పాటుపడితే చివరికి పేపర్లో పడేది ఒక్క అంకె. ఎవరిని అడిగారో, ఎలా అడిగారో, ఎంతమంది తలుపు తీయలేదో ఒక్క ముక్క ఉండదు. ఆ అంకె పట్టుకుని జనం మాత్రం టీకొట్ల దగ్గర జుట్టూ జుట్టూ పట్టుకునేవారు.

మా అన్నయ్య బస్సు డ్రైవరు. తెల్లారి వెళ్లి పొద్దుగూకేసరికి ఇల్లు చేరే సిటీ బండి ఆయనది. ఆ ఏడాది డిపోలో యూనియన్ అధ్యక్షుడి ఎన్నిక వచ్చింది. నలుగురు స్నేహితులు చేరి "నువ్వు నిలబడన్నా, వెనక మేమున్నాం" అని మునగచెట్టు ఎక్కించారు. ఈయన ఎక్కాడు, నామినేషన్ వేశాడు. పాత అధ్యక్షుడు పగబట్టే మనిషి. డ్యూటీలు వేసే గుమాస్తా అతని మాట జవదాటడు. తనమీద పోటీకి దిగి ఓడినవాణ్ణి దూరప్రయాణాల బండికి తోసేయడం ఖాయం. అప్పుడిక వారంలో రెండు రాత్రులు ఇంట్లో పడుకుంటే గొప్ప. పోటీనుంచి తప్పుకోవడానికి ఇంకా గడువుంది.

"నువ్వే తేల్చిపెట్టు" అన్నాడు వదినతో. "ఊరందరినీ అడుగుతావు, మా డిపోవాళ్లని అడగలేవా?"

"నేను మీ భార్యనండీ. నాకు నిజమెవరు చెబుతారు? నా ముఖం తెలియనివాళ్లని పంపిస్తాను."

"మా గొడవలు బయటివాళ్లకెందుకు? నువ్వే వెళ్లు."

ఇద్దరం డ్రైవర్ల క్వార్టర్లకు వెళ్లాం. ఏ గుమ్మం ఎక్కినా "రండక్కా, కూర్చోండి" అంటూ కుర్చీలు, మంచినీళ్లు. ఒకాయన గుండెమీద చెయ్యేసుకుని "అన్నకి కాక ఇంకెవరికేస్తాం?" అన్నాడు. వెనక నిలబడ్డ వాళ్లావిడ గోడకేసి చూసింది. మిగతావాళ్లలో సగం మంది "చూద్దాంలే అక్కా" అన్నారు. నా దగ్గర కుట్టుకూలి బేరమాడి చూద్దాంలే అన్నవాళ్లు మళ్లీ కనబడిన పాపాన పోలేదు. ఆ మాటే దారిలో వదినకు చెప్పాను.

ఇంటికొచ్చాక వంటింట్లో కాగితాలు ముందేసుకుని కూర్చుంది. "ఓడిపోతారనే అనిపిస్తోంది" అంది మెల్లగా.

"అదే చెప్పెయ్ మరి."

"ఆ అనిపించడం వాళ్ల జవాబుల్లోంచి వచ్చిందో, నా ఆశలోంచి వచ్చిందో ఎలా తెలుస్తుంది? ఓడతారంటే తప్పుకుంటారు, ఇంటిపట్టున ఉంటారు. నాక్కావలసింది అదేగా. నా స్వార్థం కోసం ఆయన నోటిదగ్గర కూడు తీసేస్తానేమోనని భయంగా ఉంది."

అప్పుడు ఆవిడ చేసిన పని ఇరవై ఏళ్లలో ఏనాడూ చేయనిది. చూద్దాం అన్నవాళ్లందరినీ అన్నయ్య పక్కన వేసింది. ముఖంలో ఏమీ తెలియనీయకుండా వెళ్లి "గెలిచే అవకాశం ఉందండీ" అని చెప్పింది. "అలాగా" అన్నాడు అన్నయ్య. పోటీలోనే ఉండిపోయాడు.

చిత్తుగా ఓడిపోయాడు. మునగచెట్టు ఎక్కించిన నలుగురూ వేశారో లేదో కూడా అనుమానమే. వారం తిరక్కుండానే దూరప్రయాణాల బండి పట్టికలో ఆయన పేరు ఎక్కింది.

మొదటిసారి బయల్దేరే రోజు మంచంమీద సంచి పెట్టుకుని బట్టలు సర్దుతున్నాడు. వదిన తువ్వాలు తెచ్చి ఇస్తూ ఇస్తూ ఏడ్చేసింది. ఆవిడ ముఖం అలా నలిగిపోవడం నేనెన్నడూ చూడలేదు. నాకూ కళ్లు చెమర్చాయి.

"వాళ్లు అబద్ధం చెప్పలేదండీ" అంది. "సగం మంది చూద్దామన్నారు. నేనే మీ వైపు వేశాను. మీరు ఇంట్లో ఉండాలన్న ఆశతో ఎక్కడ తప్పు చెబుతానోనని, కావాలని అటు మొగ్గాను."

అన్నయ్య సంచి పక్కకు జరిపి కూలబడ్డాడు.

"ఓడిపోతానని చెబుతావనే నిన్ను పంపాను" అన్నాడు. "అందరి ముందూ సరేనన్నాను కదా, వెనక్కి తగ్గితే పిరికివాడంటారు. మా ఆవిడ అడిగితే ఇలా తేలిందని చెప్పి తప్పుకుందామనుకున్నా. నువ్వొచ్చి గెలుస్తారన్నావు. ఇంక ఏ మొహం పెట్టుకుని తప్పుకోను? ఆ పదవి నాకెందుకే? పొద్దుగూకితే ఇంటికి రావాలి, అంతే నాక్కావలసింది."

"నాతో ఒక్క మాట అనలేదేం?"

"నువ్వు నన్ను అడగలేదుగా."

ఇద్దర్నీ పట్టుకుని నాలుగు దులపాలన్నంత కోపం వచ్చింది నాకు, దులపలేకపోయాను. బండి టైమవుతోందని అన్నయ్య లేచాడు. వదిన చెంగుతో కళ్లు తుడుచుకుని, చెప్పులు వేసుకుని, ఆయన వద్దంటున్నా సంచి తానే అందుకుని డిపో దాకా వెళ్లింది.